మతం మీద పరిశోధన, సైటేషన్ల లెక్క: బరంపురం, పర్లాకిమిడి వైపు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మతాధ్యయనంలో పరిశోధన చేసే తెలుగువాళ్ళు మా గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో తక్కువే. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, థీసిస్‌లో ఇంగ్లీషు, ఇదీ మా బతుకు. ఎక్కడైనా లెక్చరర్ పోస్టుకి నోటిఫికేషన్ పడిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఠకురాణి యాత్ర (బరంపురం అమ్మవారి జాతర) మీద ఆరేళ్ళు తిరిగి థీసిస్ రాసినవాళ్ళు కూడా, ఆ థీసిస్‌లో ఏముందో వదిలేసి, "సార్, హెచ్-ఇండెక్స్ గడిలో ఏం రాయాలి?" అని అడుగుతారు. చెప్పిందే చెప్పలేక ఇలా రాసిపెడుతున్నాను.

సైటేషన్ అంటే సరిగ్గా ఏమిటి?

మీరు రాసినదాన్ని ఇంకొకరు తమ రాతలో పేరుపెట్టి ప్రస్తావించి, చివర రిఫరెన్సుల్లో చేరిస్తే అది ఒక సైటేషన్. చదివి ఊరుకుంటే కాదు. క్లాసులో పాఠంగా చెప్పినా కాదు. మీ వ్యాసం పీడీఎఫ్ వాట్సాప్‌లో రెండొందల మందికి వెళ్ళినా కాదు.

హెచ్-ఇండెక్స్ ఎలా లెక్కపెట్టాలి?

కనీసం నాలుగేసి సైటేషన్లున్న రచనలు మీకు నాలుగుంటే హెచ్-ఇండెక్స్ 4, అయిదేసి ఉన్నవి అయిదుంటే 5. లెక్కకి కాగితం, పెన్సిల్ చాలు. మీ రచనల్ని సైటేషన్లు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకు వరసగా రాయండి. ఉదాహరణకి ఒకరికి ఎనిమిది రచనలున్నాయి, సైటేషన్లు వరసగా 14, 9, 6, 4, 4, 2, 1, 0 అనుకుందాం. ఇప్పుడు పక్కన 1, 2, 3 అని నంబర్లు వేసుకుంటూ రండి. నాలుగోదానికి 4 సైటేషన్లున్నాయి, సరిపోయింది. అయిదోదానికి కనీసం 5 ఉండాలి, 4 మాత్రమే ఉన్నాయి. అక్కడ ఆగండి. హెచ్-ఇండెక్స్ 4. మొత్తం సైటేషన్లు 40. పది, అంతకన్నా ఎక్కువ సైటేషన్లున్నది ఒక్కటే కాబట్టి గూగుల్ చూపించే ఐ10-ఇండెక్స్ 1.

ఈ లెక్కని 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త పెట్టారు. అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగం పర్మినెంట్ కావాలంటే సుమారు 12, ప్రొఫెసర్ కావాలంటే సుమారు 18 ఉండవచ్చని ఆయన రాసింది ఫిజిక్స్‌వాళ్ళ గురించి. ఆ 12ని పట్టుకొచ్చి గ్రామదేవతల మీద పనిచేసేవాళ్ళ నెత్తిన పెట్టడం ఆయన తప్పు కాదు, తర్వాతివాళ్ళ తప్పు. పదిహేనేళ్ళ తర్వాత ఆయనే ఈ కొలత ఘోరంగా విఫలం కాగలదని, చెడు ఫలితాలు కూడా తేగలదని ఒప్పుకున్నారు.

నాది 3. పోయినేడూ మూడే.

గూగుల్ స్కాలర్‌లో నాకు 31 సైటేషన్లు, స్కోపస్‌లో 4. ఏది నిజం?

రెండూ నిజమే, లెక్కపెట్టే చోట్లు వేరు. స్కోపస్ అనే సైటేషన్ల డేటాబేసు తన జాబితాలోకి తీసుకున్న జర్నళ్ళు, పుస్తకాల్లోంచి వచ్చిన ప్రస్తావనల్నే లెక్కిస్తుంది. వెబ్ ఆఫ్ సైన్స్ కూడా అంతే. గూగుల్ స్కాలర్ వల పెద్దది: థీసిస్‌లు, సెమినార్ పత్రాలు, ఎవరో కాలేజీ సైటులో పెట్టిన పీడీఎఫ్, అన్నీ పడతాయి. పెద్ద వల కాబట్టి చెత్త కూడా పడుతుంది. నా ప్రొఫైల్లో ఒకసారి రొయ్యల చెరువుల్లో వచ్చే జబ్బు మీద ఒక వ్యాసం చేరింది, నా పేరే ఉన్న ఇంకెవరిదో. దానికి నా రచనలన్నిటికీ కలిపి ఉన్నవాటికన్నా ఎక్కువ సైటేషన్లున్నాయి. తీసేసేముందు ఒక్క పూట అలా ఉంచానని ఒప్పుకుంటాను.

అప్లికేషన్‌లో ఏ నంబరు రాసినా పక్కన అది ఎక్కడిదో, ఏ తేదీన చూశారో రాయండి. రెండిట్లో పెద్ద నంబరు రాసి మూలం చెప్పకపోతే ఇంటర్వ్యూలో దొరికిపోతారు.

మా సబ్జెక్టులో నంబర్లు ఎందుకింత తక్కువ? సైన్స్‌వాళ్ళ ముందు తలెత్తుకోలేకపోతున్నాం.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. మొదటిది, మన పనికి పునాది పుస్తకం. పెద్ద డేటాబేసులు పుట్టిందేమో జర్నల్ వ్యాసాల చుట్టూ. యూజీన్ గార్ఫీల్డ్ 1964లో తెచ్చిన సైటేషన్ ఇండెక్స్ విజ్ఞానశాస్త్రాలది. కళలు, మానవీయ శాస్త్రాల సూచిక 1970ల్లో గానీ రాలేదు. పుస్తకాల సూచిక ఇంకా ఆలస్యంగా, 2011లో వచ్చింది. ఆ సూచికలు నడిపేవాళ్ళు పత్రికలకిచ్చే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే కొలతని మానవీయ శాస్త్రాల పత్రికలకి 2023 దాకా ఇవ్వనే లేదు.

రెండోది, కాలం. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే అంతకుముందు రెండేళ్ళలో వచ్చిన వ్యాసాల్ని ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు ప్రస్తావించారన్న లెక్క. మందుల మీద పరిశోధనకి రెండేళ్ళు చాలా ఎక్కువేమో గానీ, మనకి రెండేళ్ళంటే ఒక ఠకురాణి యాత్రకీ ఇంకో ఠకురాణి యాత్రకీ మధ్య ఉండే ఎడం. బరంపురంలో బుఢీ ఠకురాణి రెండేళ్ళకోసారి చైత్రమాసంలో పుట్టింటికి వచ్చినట్టు దేశీ బెహెరా వీధికి వస్తుంది. ఈసారి ఘటాలెత్తిన ఆడవాళ్ళతో మాట్లాడి, వచ్చేసారి మళ్ళీ చూసి, ఆ తేడా రాసేసరికి నాలుగేళ్ళు. దాన్ని ఇంకొకరు చదివి, తమ ఫీల్డ్‌వర్క్ చేసి ప్రస్తావించేసరికి ఇంకో అయిదేళ్ళు. రెండేళ్ళ కిటికీలోంచి చూస్తే ఇదేదీ కనపడదు.

అదే కిటికీ బార్లా తెరిచి చూడండి. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ మా కొండల్లోని సవరల మతం మీద పుస్తకం వేసింది 1955లో. ఎశ్మన్, కుల్కే, త్రిపాఠి సంపాదకత్వంలో జగన్నాథ సంప్రదాయం మీద పెద్ద సంకలనం వచ్చింది 1978లో. ఒడిశాలో అమ్మవారి మీద, కొండదేవతల మీద రాసేవాళ్ళు ఈ రోజుకీ వాటితో ఒప్పుకునో, పోట్లాడో ముందుకెళ్ళాలి. లేబొరేటరీ సబ్జెక్టుల్లో అంత పాత వ్యాసాన్ని చరిత్ర కోసం తప్ప ఎవరు తీస్తారు?

మూడోది, మనం ఎక్కువగా ఒంటరిగా రాస్తాం. పదిమంది పేర్లున్న పేపరుకి ఒక సైటేషన్ వస్తే అది పదిమంది ఖాతాల్లోనూ పడుతుంది.

తెలుగులో రాసినవి లెక్కలోకి వస్తాయా?

చాలావరకు రావు. ఇది నాకు కోపం తెప్పించే విషయం కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

డేటాబేసుల్లో తెలుగు పత్రికలు దాదాపు లేవు. 1924 నుంచి 1991 దాకా నడిచిన భారతి మాసపత్రికలో శాసనాల మీద, గుళ్ళ మీద, కులపురాణాల మీద ఎంత పరిశోధన వచ్చిందో పాతతరానికి తెలుసు. దాన్ని తవ్వుకుని రాసిన తెలుగు వ్యాసాలు కూడా ఎన్నో. అందులో ఒక్క సైటేషన్ కూడా స్కోపస్ లెక్కలో కనపడదు.

గూగుల్ స్కాలర్ తెలుగుని కావాలని వదిలెయ్యదు గానీ, మన పీడీఎఫ్‌లే దానికి అడ్డం. మన సెమినార్ సంచికలు ఎన్నో ఏళ్ళు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారయ్యాయి. కంటికి చక్కటి తెలుగు. కాపీ చేసి ఇంకోచోట అతికించండి: ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు కలగలిసిన గందరగోళం వస్తుంది. కంప్యూటర్‌కి కనిపించేది ఆ గందరగోళమే. "మహేంద్రగిరి" అని వెతికితే అందులో మహేంద్రగిరి దొరకదు. అందుకే ఇప్పుడు వేసే ఏ సంచికైనా యూనికోడ్‌లోనే ఉండాలని సంపాదకులతో పోట్లాడండి. డీటీపీ అతను "పాత పద్ధతే అందంగా ఉంటుందండీ" అంటాడు. వినకండి.

రెండో జాగ్రత్త: తెలుగు వ్యాసానికి ఇంగ్లీషు శీర్షిక, ఇంగ్లీషులో పది వాక్యాల సారాంశం, రిఫరెన్సులకి ఇంగ్లీషు లిపిలో ఇంకో జాబితా పెట్టండి. తెలుగులో రాసి ఇంగ్లీషు మెట్లు కట్టడమేమిటని మా గురువుగారు చివరిదాకా చిరాకు పడేవారు. ఆయన చిరాకు న్యాయమే. అయినా పెట్టండి.

ఇంటర్వ్యూలో ఎవరైనా "ఇవన్నీ లోకల్ పత్రికలు కదా" అంటే చెప్పడానికి ఒక మాట ఉంది. పరిశోధనని నంబర్లతో కొలవడం గురించి 2015లో నేచర్ పత్రికలో లైడెన్ మ్యానిఫెస్టో అని పది సూత్రాలు వచ్చాయి. స్థానికంగా అవసరమైన పరిశోధనలోని నాణ్యతని కాపాడాలన్నది అందులో మూడోది. అది చెబితే ఉద్యోగం వస్తుందని హామీ ఇవ్వను, కానీ ఎదుటివాళ్ళు కాసేపు ఆలోచిస్తారు.

నా పేరు నాలుగు రకాలుగా పడింది. ఏం చెయ్యాలి?

మా వైపు ఇది ఇంటింటి కథ. ఆంధ్రాలో ఇంటిపేరు ముందు, ఒడిశాలో వెనక. బరంపురంలో చదువుకున్న తెలుగు పిల్లలకి బడిలో హెడ్మాస్టారు ఎలా రాస్తే అలా. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, డిగ్రీకి వచ్చేసరికి పూర్తిగా వెనక్కి వెళ్తుంది, పెళ్ళయితే ఆడపిల్లలకి ఇంకోటి. పైగా పాశ్చాత్య పద్ధతిలో చివరి మాటే ఇంటిపేరనుకుంటారు. కె. లక్ష్మీ నారాయణ అని రాస్తే నారాయణ, కె. ఎల్. అయిపోతాడు. ఆ పేరుతో దేశంలో ఎంతమంది ఉంటారో మీరే ఊహించండి.

పెద్దవాళ్ళకీ ఇది తప్పలేదు. వెల్చేరు నారాయణరావుగారి పుస్తకాల్ని కొందరు నారాయణరావు కింద, కొందరు రావు కింద, కొందరు వెల్చేరు కింద ప్రస్తావిస్తారు. ఆయన స్థాయికి నష్టం లేదు, ఎలా రాసినా గుర్తుపడతారు. మనకి ఉన్నవే పదకొండు సైటేషన్లయితే, అవి మూడు పేర్ల కింద చీలిపోతే హెచ్-ఇండెక్స్ 3 కావలసింది 1 దగ్గర ఆగిపోతుంది. నాకు సరిగ్గా అదే జరిగింది. నా మొదటి వ్యాసంలో పేరు చివర ఒక "ఎ" తక్కువ పడింది, అచ్చుతప్పే కదా అని వదిలేశాను. అది నా ప్రొఫైల్లోకి చేరడానికి ఏడేళ్ళు పట్టింది.

మందు ఉంది, ఉచితమే. ఆర్కిడ్ అనే సంస్థ 2012 నుంచి పరిశోధకులకి పదహారు అంకెల నంబరు ఇస్తోంది. పేరు మారినా నంబరు మారదు. ఇవాళే తీసుకోండి. తర్వాత ఒక్క స్పెల్లింగు ఖాయం చేసుకుని చచ్చేదాకా అదే రాయండి. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్ తెరిచి పాత స్పెల్లింగులతో వెతికి మీవి మీరే కలుపుకోండి. స్కోపస్‌లో చీలిన ప్రొఫైళ్ళని కలపమని వాళ్ళకే అర్జీ పెట్టవచ్చు.

నా వ్యాసం ఉందని సవరల మీద పనిచేసేవాళ్ళకే తెలియలేదు. ఎందుకు?

మీరు ఏ స్పెల్లింగు వాడారు? ఇది పేరు సమస్యకి అన్న లాంటిది. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని 1931లో దాని మాన్యువల్, 1938లో నిఘంటువు వేసిన గిడుగు రామమూర్తిగారు శీర్షికలో సొర అని పెట్టి పక్కన సవర అని కూడా రాశారు. ఎల్విన్ సౌర అన్నాడు. 1970ల నుంచి ఆ కొండల్లో పనిచేసి పుస్తకాలు రాసిన పియర్స్ విటెబ్‌స్కీ సొర అంటాడు. ప్రభుత్వ కాగితాల్లో సౌరా, లంజియా సౌరా. ఆంధ్రా వైపు సవర. మనుషులు వాళ్ళే. ఒక స్పెల్లింగుతో వెతికినవాడికి మిగతావి కనపడవు.

ఊళ్ళూ అంతే. మనకి బరంపురం, ఇంగ్లీషులో బెర్హంపూర్, ఇప్పుడు అధికారికంగా బ్రహ్మపుర్. పశ్చిమ బెంగాల్లో ఇంకో బెర్హంపూర్ ఉంది, అది వేరే గొడవ. పర్లాకిమిడి, పర్లాఖెముండి. 1992 అక్టోబరుకి ముందు రాసినవాటిలో పర్లాకిమిడి గంజాం జిల్లాలో ఉంటుంది, తర్వాతవాటిలో గజపతి జిల్లాలో. రాయగడ అప్పటిదాకా కోరాపుట్‌లో. దేవతల సంగతి చెప్పక్కర్లేదు: రాయగడ తల్లిని మనం మజ్జిగౌరమ్మ అంటాం, ఒడియాలో మాఝిఘరియాణి అంటారు.

కాబట్టి కీవర్డుల దగ్గర పిసినారితనం వద్దు. సారాంశంలో ఒక వాక్యం వీటికోసమే కేటాయించండి: ఫలానా తెగని ఫలానా ఫలానా పేర్లతో కూడా పిలుస్తారు అని. చూడ్డానికి మొరటుగా ఉంటుంది, పనిచేస్తుంది.

48 గంటల్లో పేపర్ వేస్తామని మెసేజ్ వచ్చింది. పంపనా?

వద్దు.

నేనొకసారి పంపాను. ప్రమోషన్ టెన్షన్లో ఉన్నాను, పత్రిక కవరు మీద ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7 పైన అని ఉంది, మూడువేల రూపాయలు కట్టాను. రివ్యూ అంటూ ఒక ఈమెయిలూ రాలేదు, మర్నాడే "అభినందనలు" అన్నారు. ఏడాదిన్నరకి ఆ సైటే మాయమైంది. వ్యాసం ఇప్పుడు ఇంకోచోట వెయ్యడానికీ వీల్లేదు, చూపించడానికీ లేదు. రెండేళ్ళ ఫీల్డ్‌వర్క్ దాంట్లో పోయింది.

మతాధ్యయనంలో ఎంతో పేరున్న అంతర్జాతీయ పత్రికలకి కూడా ఇంపాక్ట్ ఫ్యాక్టర్ తరచు 1 లోపే ఉంటుంది. ఏడు, ఎనిమిది అని కవరు మీద వేసుకున్నారంటే అక్కడే అనుమానించండి. అసలైన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ క్లారివేట్ సంస్థ ఏటా విడుదల చేసే జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లో ఉన్నదే. "గ్లోబల్", "యూనివర్సల్" అని ముందు తోకలు తగిలించినవి వేరే సరుకు. ఐఎస్ఎస్ఎన్ నంబరు (పత్రికలకిచ్చే గుర్తింపు సంఖ్య) ఉంటే చాలదా అంటారు కొందరు. అది బండికి నంబరు ప్లేటు లాంటిది, ఇంజను బాగుందని చెప్పదు.

యూజీసీ కేర్ జాబితాలో ఉండాలంటున్నారు...

ఏ పత్రికల్లో వేస్తే చెల్లుతుందో యూజీసీ చెప్పే ఆ జాబితా 2019లో మొదలైంది, 2025 ఫిబ్రవరిలో యూజీసీ దాన్ని ఎత్తేసినట్టు ప్రకటించింది. ఇప్పుడు పత్రిక మంచిదో కాదో చూసుకునే బాధ్యత సంస్థలదీ మనదీ. ఇంకా పాత ఫారాలు పట్టుకుని అడిగే ఆఫీసులుంటాయి. వ్యాసం వచ్చిన రోజున ఆ పత్రిక జాబితాలో ఉండి ఉంటే ఆ రుజువు దాచిపెట్టుకోండి.

ఉద్యోగానికీ, ప్రమోషన్‌కీ మన రచనలకి పాయింట్లు ఎలా వేస్తారు?

యూజీసీ 2018 నిబంధనల పట్టిక ప్రకారం మానవీయ శాస్త్రాల్లో ఒక జర్నల్ వ్యాసానికి 10, అంతర్జాతీయ ప్రచురణకర్త వేసిన పుస్తకానికి 12, జాతీయ ప్రచురణకర్తదైతే 10, సంకలనంలో అధ్యాయానికి 5. అంటే పదేళ్ళు కష్టపడి రాసిన పుస్తకానికీ, మూడు నెలల్లో రాసిన వ్యాసానికీ తేడా రెండు పాయింట్లు. ఇద్దరు కలిసి రాస్తే చెరి 70 శాతం. సైటేషన్ల సంఖ్యకి విడిగా పాయింట్లు ఈ పట్టికలో లేవని గమనించండి. చాలామంది లేనిదానికోసం నిద్ర మానుకుంటున్నారు.

నన్ను నేను సైట్ చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. యాత్ర మొదటి రోజు మీద మీరు ముందే రాసి ఉంటే చివరి రోజు గురించి రాసేటప్పుడు దాన్ని చెప్పకపోవడమే తప్పు. పది రిఫరెన్సుల్లో ఏడు మీవే అయితే ఎవరికైనా నవ్వొస్తుంది. ఇకపోతే స్నేహితులు నలుగురు వాట్సాప్ గ్రూపు పెట్టుకుని ఒకరినొకరు సైట్ చేసుకునే ఏర్పాటు, దాని గురించి అడగకండి.

నన్ను తిట్టడానికి సైట్ చేసినా లెక్కేనా?

లెక్కే. లెక్కపెట్టే యంత్రానికి పొగడ్త, తిట్టు ఒకటే. నా పదకొండిట్లో నేను గర్వపడే సైటేషన్ అలాంటిదే: ఘటాలెత్తే ఆడవాళ్ళ మొక్కుల గురించి నేను చెప్పింది తప్పని ఒక అమ్మాయి నాలుగు పేజీలు రాసింది. నేను మగవాణ్ణి కాబట్టి నాతో ఎవరూ చెప్పని మాటలు ఆమెతో చెప్పారు. మిగతా పదిలో ఆరు "ఇంకా చూడండి" అని బ్రాకెట్లో పడేసినవి.

పూజారి, అసాది (అమ్మవారి కథ పాడేవాడు), సవర కుడాన్ (సవరల దేవరగాడు) చెప్పిన మాటలకి సైటేషన్ ఎలా ఇవ్వాలి?

పేరు, ఊరు, మాట్లాడిన తేదీ, ఏ భాషలో మాట్లాడారు, ఇవి పాదసూచికలో రాయండి. ముందు అనుమతి అడగాలి. పేరు వద్దంటే తీసెయ్యాలి. భాష తప్పనిసరి: మా దగ్గర ఒకే మనిషి అమ్మవారి కథ తెలుగులో ఒకలా, ఒడియాలో ఒకలా చెబుతాడు.

వాళ్ళకి హెచ్-ఇండెక్స్ రాదు. ఎల్విన్ పుస్తకానికి వచ్చిన సైటేషన్లలో ఆయనకి రాత్రిళ్ళు కూర్చుని చెప్పిన కుడాన్ల వాటా ఏ డేటాబేసూ లెక్కపెట్టదు. మనం చెయ్యగలిగింది, అచ్చయ్యాక ఒక కాపీ పట్టుకెళ్ళి వాళ్ళకి అర్థమయ్యే భాషలో చదివి వినిపించడం. తప్పులు అక్కడే దొరుకుతాయి.

పెద్ద జర్నళ్ళు చదవాలంటే డబ్బు కట్టాలి. మా కాలేజీకి అంత స్తోమత లేదు.

ప్రభుత్వ కాలేజీ, విశ్వవిద్యాలయం అయితే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్రప్రభుత్వ పథకం కింద ఉందో లేదో లైబ్రేరియన్‌ని అడగండి. 2025 జనవరి నుంచి ముప్ఫై ప్రచురణ సంస్థల పదమూడు వేల చిల్లర జర్నళ్ళు అందులో ఉన్నాయి. థీసిస్‌లకి శోధ్‌గంగ ఎలాగూ ఉచితం. ఇవేవీ లేకపోతే రచయితకే ఈమెయిలు రాయండి. నేను రాసినప్పుడు ఎక్కువమంది రెండు రోజుల్లో పంపారు. మన వ్యాసం కావాలని ఎవరైనా అడిగితే కలిగే సంతోషం వాళ్ళకీ ఉంటుంది కదా.

ఇన్నేళ్ళ పాత వ్యాసాలు బీరువాలో ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టను?

ఒక ఆదివారం అన్నీ కింద పరిచి నోటు పుస్తకంలో జాబితా రాయండి: శీర్షిక, ఏడాది, పత్రిక, పేజీలు, ఆ వ్యాసంలో మీ పేరు ఎలా పడింది. నాకు దీనికే సాయంత్రమైంది. రెండు సంచికల్ని చెదలు తినేశాయి, ఒకటి మా అమ్మ పప్పుల డబ్బాల కింద పరిచింది. తర్వాత ఆర్కిడ్, ఆ తర్వాత గూగుల్ స్కాలర్. పాత అచ్చు కాపీలైతే స్కాన్ చేసి, ప్రచురణకర్త అనుమతి ఉన్నవాటిని మీ సంస్థ రిపాజిటరీలో (ఆన్‌లైన్ భాండాగారంలో) పెట్టించండి. స్కాన్ అంటే ఫోన్‌తో వంకరగా తీసిన ఫోటో కాదు. బరంపురం బస్టాండు వైపు జిరాక్స్ షాపుల్లో ఫ్లాట్‌బెడ్ స్కానర్లు ఉంటాయి, 300 డీపీఐలో చెయ్యమని అడగండి, లేకపోతే వాళ్ళు 100లో కానిచ్చేస్తారు.